సార్వత్రిక యంత్ర ద్రష్ట – అలన్ ట్యూరింగ్

ఒక యంత్రం ఒక పనికే ఉపకరిస్తుందన్నది పూర్వులు ఎరిగిన సత్యం. తిరగలి విసురుతుంది, మగ్గం నేస్తుంది, గడియారం కాలాన్ని తెలుపుతుంది. ఒకదాని పని మరొకటి చేయలేదు. ఈ నియమానికి లొంగని యంత్రం నేడు మన అరచేతిలో ఇమిడిపోయింది. సెల్‌ఫోన్ ఒక క్షణం ఉత్తరాలు చేరవేస్తుంది, మరుక్షణం గ్రంథాలయమవుతుంది, అంతలోనే బ్యాంకుగా, దారి చూపే పటంగా మారుతుంది. ఇన్ని రూపాలు దాల్చగల యంత్రం సాధ్యమేనని, ఎలక్ట్రానిక్ కంప్యూటరు పుట్టకముందే కాగితం మీద నిరూపించిన గణితవేత్త అలన్ మాథిసన్ ట్యూరింగ్.

ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి జూలియస్ ఇండియన్ సివిల్ సర్వీసు అధికారి. నాటి మద్రాసు రాజధానిలోని కర్నూలు, అనంతపురం, బెజవాడ వంటి తెలుగు ప్రాంతాలలోనూ, గంజాం జిల్లా ఛత్రపురంలోనూ ఉద్యోగ ధర్మం నిర్వర్తించాడు. తల్లి ఈథెల్ సారా మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన స్టోనీ కుమార్తె. తల్లిదండ్రులు భారతదేశంలో ఉండగా, పిల్లలిద్దరూ ఇంగ్లండులో ఒక విశ్రాంత సైనికాధికారి కుటుంబం సంరక్షణలో పెరిగారు. కన్నవారి చెంత గడపవలసిన బాల్యం ఆయనకు ఎక్కువ భాగం ఎడబాటులోనే గడిచింది.

1926లో ఆయన షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన రోజున దేశమంతటా సార్వత్రిక సమ్మె జరుగుతున్నది. రైళ్లు లేవు. పద్నాలుగేళ్లయినా నిండని ఆ బాలుడు సౌతాంప్టన్ రేవు నుండి సుమారు 60 మైళ్లు సైకిలు తొక్కి, దారిలో ఒక రాత్రి బస చేసి, పాఠశాలకు చేరుకున్నాడు. ప్రాచీన భాషలకు పెద్దపీట వేసే ఆ విద్యాలయంలో ఆయన గణితాభిమానం ఉపాధ్యాయులందరినీ మెప్పించలేదు. విజ్ఞానశాస్త్రంపై తనతో సమానమైన అనురక్తి గల క్రిస్టఫర్ మార్కమ్ ఆయనకు ప్రాణమిత్రుడయ్యాడు. 1930లో క్షయవ్యాధి ఆ మిత్రుణ్ణి కబళించింది. శరీరం నశించాక మనస్సు ఏమవుతుంది, మనస్సుకు జడపదార్థంతో గల సంబంధమేమిటి అన్న ప్రశ్నలు ట్యూరింగ్‌ను నాటి నుండి వెంటాడాయి.

1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరిన ట్యూరింగ్ 22 ఏళ్లకే అక్కడ ఫెలోగా ఎన్నికయ్యాడు. ఒక గణిత ప్రతిపాదనను నిరూపించవచ్చునో లేదో తేల్చి చెప్పే నిశ్చిత పద్ధతి ఏదైనా ఉన్నదా అని జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ లోగడ ప్రశ్నించాడు. అట్టి పద్ధతి లేదని ట్యూరింగ్ 1936లో నిరూపించాడు. అమెరికాలో అలోంజో చర్చ్ మరొక మార్గంలో అదే నిర్ణయానికి వచ్చాడు. అయితే ట్యూరింగ్ అనుసరించిన మార్గమే ఒక నూతన యుగానికి నాంది పలికింది.

ఆయన ఒక ఊహాయంత్రాన్ని కల్పించాడు. దానికి గళ్లుగా విభజించిన అంతులేని పట్టీ ఒకటి ఉంటుంది. యంత్రం ఒక్కొక్క గడిలోని గుర్తును చదువుతుంది; అవసరమైతే చెరిపి మరొకటి రాస్తుంది; కుడికో ఎడమకో జరుగుతుంది. ఇట్టి యంత్రాలలో ఒక్కొక్కటి ఒక్కొక్క గణనను చేస్తుంది. అయితే ఏ యంత్రం వర్ణననైనా పట్టీ మీద రాసి అందిస్తే, దానిని చదివి అచ్చంగా ఆ యంత్రంలాగే ప్రవర్తించే యంత్రం కూడా సాధ్యమేనని ట్యూరింగ్ చూపాడు. అదే సార్వత్రిక యంత్రం. పగటి వేషగాడు ఒక్కడే అయినా ఒకనాడు శివుడుగా, మరొకనాడు బుడబుక్కలవాడుగా దర్శనమిస్తాడు. మారేది వేషమే కాని మనిషి కాదు. సార్వత్రిక యంత్రమూ అంతే. మారేది దానికిచ్చే సూచనల వరుస మాత్రమే.

రెండవ ప్రపంచ యుద్ధం ఆయనను ఊహాలోకం నుండి కార్యరంగానికి రప్పించింది. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడే, 1939 సెప్టెంబరు 4న, ఆయన బ్లెచ్లీ పార్కులోని రహస్య కేంద్రంలో చేరాడు. జర్మన్ సైన్యాలు ఎనిగ్మా అనే యంత్రంతో తమ సందేశాలను గూఢలిపిలోకి మార్చేవి. పోలెండ్ గణితవేత్తలు అంతకుముందే సాధించిన విజయాలను ఆధారం చేసుకొని, ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించాడు. గోర్డన్ వెల్చ్‌మన్ దానిని మరింత మెరుగుపరచాడు. బ్రిటన్‌కు ఆహారం మోసుకువచ్చే నౌకలను జర్మన్ జలాంతర్గాములు ముంచివేస్తున్న కాలమది. నౌకాదళ గూఢలిపిని ఛేదించే పని ట్యూరింగ్ చేపట్టాడు. ఆ ఛేదన ఫలితంగా ఎన్నో నౌకలు ప్రమాదం తప్పించుకోగలిగాయి. కాని ఈ కృషి 1970ల వరకు లోకానికి తెలియనే లేదు.

యుద్ధానంతరం ట్యూరింగ్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో ఏస్ అనే కంప్యూటరుకు రూపకల్పన చేశాడు. దూరాన ఉన్న కంప్యూటరును టెలిఫోన్ తీగ ద్వారా నడిపించవచ్చునని 1947 ఫిబ్రవరిలో లండన్ గణిత సంఘం సభలో ఆయన ప్రసంగించాడు. నాటికి ఆ కంప్యూటరు నిర్మాణమే పూర్తికాలేదు.

ఆ ఊహ ఫలించడానికి దశాబ్దాలు పట్టింది. 1960వ దశకంలో ఐ.బి.ఎం. ఇంజనీర్లు ఒకే కంప్యూటరును అనేక కంప్యూటర్లుగా భాసింపజేసే విధానాన్ని నిర్మించారు. ఇదే వర్చువలైజేషన్. పెద్ద మేడను వాటాలుగా చేసి అద్దెకిస్తే, ఏ కాపురానికి ఆ కాపురం తన వాటానే ఇల్లుగా భావించుకున్నట్లు, ప్రతి వినియోగదారునికీ ఒక పూర్తి కంప్యూటరు తన సొంతమైనట్లు తోస్తుంది. ఒక యంత్రం మరొక యంత్రంలా ప్రవర్తించగలదన్న 1936 నాటి సూత్రమే దీనికి పునాది. 2006లో అమెజాన్ సంస్థ ఇట్టి వాటాలను ఇంటర్నెట్ ద్వారా గంటల లెక్కన అద్దెకివ్వసాగింది. క్లౌడ్ సేవలు ఈ విధంగా వ్యాప్తిలోకి వచ్చాయి. మన చేతిలోని ఫోన్ దూరానున్న కంప్యూటర్ల చేత పని చేయించుకోవడం దీని ఫలితమే.

1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్లిన ట్యూరింగ్ 1950లో యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను చర్చిస్తూ ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. మరుసటి సంవత్సరం రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించింది.

ఇంతటి మేధావి పట్ల స్వదేశం నిర్దయగా ప్రవర్తించింది. స్వలింగానురాగం నాటి ఇంగ్లండు చట్టం దృష్టిలో నేరం. 1952లో ఆయన దోషిగా నిర్ణయింపబడ్డాడు. చెరసాలకు బదులుగా హార్మోన్ చికిత్సను అంగీకరించవలసి వచ్చింది. దేశరహస్యాలను ప్రాణప్రదంగా కాపాడినవాడే రహస్య విధులకు అనర్హుడయ్యాడు. 1954 జూన్ 7న, 41 ఏళ్ల వయసులో, సైనైడ్ విషం వల్ల మరణించాడు. ఆత్మహత్య అని విచారణాధికారి తేల్చాడు. ప్రమాదమేనని తల్లి కడవరకు నమ్మింది.

న్యాయం ఆలస్యంగానే కన్ను తెరిచింది. 2009లో బ్రిటిష్ ప్రధానమంత్రి గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం పక్షాన క్షమాపణ తెలిపాడు. 2013లో రాణి క్షమాభిక్ష లభించింది. 2021లో ఆయన చిత్రంతో 50 పౌన్ల నోటు వెలువడింది. 1966 నుండి ఆయన పేరిట ఇస్తున్న ట్యూరింగ్ పురస్కారం కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైనది. 1994లో దానిని పంచుకున్న ఇద్దరిలో ఒకరు, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన తెలుగుబిడ్డ రాజ్ రెడ్డి.

ఒకే యంత్రంలో అనేక రూపాలను దర్శించగలిగిన ఆ మహనీయుణ్ణి, మనుషులలో ఒక్క రూపాన్నే అంగీకరించిన సమాజం బలిగొన్నది. యంత్రాలను నేర్పుతో వాడుకోవడంతో పాటు, తోటివారి భిన్నత్వాన్ని గౌరవించడం కూడా విద్యావంతుల లక్షణమని ట్యూరింగ్ జీవితం బోధిస్తున్నది.