ఆలస్యంగా తెరచుకున్న ద్వారం – సాచెల్ పేజ్

ప్రతిభకు జాతి లేదు, వర్ణం లేదు. అయినప్పటికీ సమాజం అనేక సందర్భాలలో దేహవర్ణాన్ని చూసి మనిషి స్థానాన్ని నిర్ణయించింది. అట్టి అన్యాయాన్ని ఇరవై రెండేళ్లపాటు ఎదుర్కొని, నలభై రెండవ ఏట తన క్రీడలో అత్యున్నత వేదికను చేరుకున్న అమెరికా బేస్‌బాల్ క్రీడాకారుడు సాచెల్ పేజ్.

క్రికెట్‌లో బౌలర్ వంటివాడు బేస్‌బాల్‌లో పిచ్చర్. ఆటను ప్రారంభించిన పిచ్చర్ అలసిపోయినప్పుడు, లేదా ప్రత్యర్థుల ధాటికి తట్టుకోలేనప్పుడు, అతని స్థానంలో మరొకరిని రంగంలోకి దింపుతారు. అతడే రిలీఫ్ పిచ్చర్. సంకటస్థితిలో ఉన్న జట్టును గట్టెక్కించడం అతని బాధ్యత. యౌవనంలో ఆటను ప్రారంభించే పిచ్చర్‌గా ఖ్యాతి గడించిన పేజ్, జీవిత ఉత్తరార్ధంలో ఈ బాధ్యతను స్వీకరించారు.

పేజ్ అసలు పేరు లీరాయ్ రాబర్ట్ పేజ్. ఆయన 1906 జూలై 7న అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో ఒక నిరుపేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తండ్రి తోటమాలి. తల్లి ఇతరుల ఇళ్లలో పనిచేసి పన్నెండుమంది సంతానాన్ని పోషించింది. బాల్యంలోనే పేజ్ రైల్వేస్టేషనులో ప్రయాణికుల సంచులు మోశారు. చేతిసంచి అని అర్థమిచ్చే సాచెల్ అనే పేరు అలా వచ్చి, జీవితాంతం నిలిచిపోయింది.

పన్నెండేళ్ల వయసులో చిన్న దొంగతనం చేసి, బడి ఎగ్గొట్టిన కారణంగా ఆయనను మౌంట్ మెగ్స్‌లోని బాలనేరస్థుల పాఠశాలకు పంపారు. అక్కడ గడిపిన ఐదేళ్లు ఆయన జీవితాన్ని మలుపు తిప్పాయి. ఒక శిక్షకుని పర్యవేక్షణలో బంతి విసరడంలోని మెళకువలను శ్రద్ధగా అభ్యసించారు. 1926లో చట్టనూగా నగరపు నల్లజాతి జట్టులో చేరి వృత్తి క్రీడాకారుడయ్యారు.

ఆనాడు అమెరికాలోని ప్రధాన బేస్‌బాల్ లీగ్‌లలో నల్లజాతీయులకు ప్రవేశం లేదు. లిఖిత నిబంధన ఏదీ లేకపోయినా, యజమానుల అంగీకారమే శాసనమై నిలిచింది. అందుచేత నల్లజాతీయులు నీగ్రో లీగ్‌లు అనే పేరుతో వేరుగా పోటీలు నిర్వహించుకున్నారు. బర్మింగ్‌హామ్, పిట్స్‌బర్గ్, కాన్సస్ సిటీ జట్ల పక్షాన పేజ్ ఆడారు. ఆయన పేరు వింటేనే ప్రేక్షకులు తండోపతండాలుగా తరలివచ్చేవారు. కానీ అదే క్రీడాకారునికి అనేక పట్టణాలలో హోటలు గది దొరికేది కాదు, భోజనశాలలో చోటు ఉండేది కాదు. పోటీల కాలం ముగిశాక జరిగే ప్రదర్శన ఆటలలో ఆయన బాబ్ ఫెల్లర్ వంటి శ్వేతజాతి దిగ్గజాలకు దీటుగా నిలిచారు.

1938లో మెక్సికోలో ఆడుతుండగా భుజం తీవ్రంగా దెబ్బతిని, ఆయన క్రీడాజీవితం ముగిసిందని అందరూ భావించారు. కాన్సస్ సిటీ మోనార్క్స్ యజమాని ఆయనను తమ రెండవ జట్టులోకి తీసుకున్నారు. క్రమంగా కోలుకున్న పేజ్, 1942లో మోనార్క్స్ నీగ్రో లీగ్‌ల విజేతగా నిలవడంలో కీలకపాత్ర వహించారు.

1947లో జాకీ రాబిన్సన్ ప్రవేశంతో ప్రధాన లీగ్‌లలో వర్ణవివక్ష గోడకు బీటపడింది. మరుసటి సంవత్సరం జూలై 7న, సరిగ్గా తన నలభై రెండవ పుట్టినరోజున, పేజ్ క్లీవ్‌లాండ్ జట్టుతో ఒప్పందం చేసుకున్నారు. ఇది కేవలం ప్రచారం కోసం చేసిన పని అని కొందరు విమర్శించారు. రెండు రోజుల తరువాత రిలీఫ్ పిచ్చర్‌గా తొలిసారి రంగంలోకి దిగిన పేజ్, ఆ విమర్శకు బంతితోనే సమాధానమిచ్చారు. ఆ సంవత్సరం ఆయన ఖాతాలో ఆరు విజయాలు, ఒకే ఒక పరాజయం నమోదయ్యాయి. ఆగస్టు 20న 78,382 మంది ప్రేక్షకుల సమక్షంలో ప్రత్యర్థులకు ఒక్క పరుగు కూడా ఇవ్వకుండా జట్టును గెలిపించారు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ విజేత క్లీవ్‌లాండే.

1951 నుండి 1953 వరకు ఆయన సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టులో ప్రధానంగా రిలీఫ్ పిచ్చర్‌గా సేవలందించారు. 1952లో ఆ జట్టు గెలిచినవి 64 ఆటలు మాత్రమే. వాటిలో పన్నెండు విజయాలు నలభై ఆరేళ్ల పేజ్ ఖాతాలోనివే. 1965లో యాభై తొమ్మిదేళ్ల వయసులో కాన్సస్ సిటీ పక్షాన మూడు ఇన్నింగ్స్ విసిరి, పరుగులేమీ ఇవ్వలేదు. అయినా ప్రవేశం ఆలస్యమైనందున పింఛనుకు కావలసిన సేవాకాలం ఆయనకు పూర్తికాలేదు. 1968లో అట్లాంటా జట్టు ఉద్యోగమిచ్చి ఆ కొరత తీర్చింది.

1971లో కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను ఎంపిక చేసింది. మొదట నల్లజాతి లీగ్‌ల క్రీడాకారులకు వేరుగా స్థానం కేటాయించదలచారు. గౌరవంలోనూ వెలివాడ ఏమిటని ప్రజలు నిరసించడంతో, ఇతరులతో సమానమైన గౌరవం లభించింది. 1982 జూన్ 8న కాన్సస్ సిటీలో పేజ్ కన్నుమూశారు. 2024లో నీగ్రో లీగ్‌ల గణాంకాలు ప్రధాన లీగ్‌ల అధికారిక చరిత్రలో చేరాయి.

ఆలస్యంగా లభించిన గౌరవం పోయిన యౌవనాన్ని తిరిగి ఇవ్వలేదు. అందుకే పేజ్ జీవితం మనకు రెండు విషయాలు బోధిస్తుంది. ద్వారం మూసి ఉన్నా సాధన మానరాదన్నది వ్యక్తి నేర్వవలసిన పాఠం. ఏ ప్రతిభావంతునికీ ద్వారం మూయరాదన్నది సమాజం నేర్వవలసిన పాఠం.