అలీ నవాజ్ జంగ్

నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ (1877 జూలై 11 - 1949 డిసెంబరు 6) హైదరాబాదు రాజ్యానికి చెందిన ప్రఖ్యాత నీటిపారుదల ఇంజనీరు. ఈయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. అలీ నవాజ్ జంగ్ అనేది నిజాం ప్రభువు ఇచ్చిన బిరుదు. కాలక్రమంలో ఆ బిరుదే పేరుగా స్థిరపడింది. మంజీరా నదిపై నిర్మించిన నిజాంసాగర్ ఈయన కృషిలో అన్నిటికంటె పెద్దది. గోదావరిపై ఒక మహా జలాశయం కట్టాలని ఈయన వేసిన ప్రణాళిక మాత్రం అనుకున్న రూపంలో కార్యరూపం దాల్చలేదు. నేటి తెలంగాణలోని నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల సాగునీటి చరిత్ర ఈ రెండు పథకాలతోనూ ముడిపడి ఉంది.

బాల్యం, విద్య

మీర్ అహ్మద్ అలీ హైదరాబాదులో జన్మించాడు. నగరంలోని సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులోను, మదర్సా-ఎ-ఆలియాలోను ప్రాథమిక విద్య, నిజాం కళాశాలలో ఉన్నత విద్య అభ్యసించాడు. 1896లో ప్రభుత్వ ఉపకార వేతనంపై ఇంగ్లండు వెళ్ళి కూపర్స్ హిల్ లోని రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాడు. భారతదేశపు ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేయటానికే బ్రిటిషు ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ అది. అక్కడ చదివినవారిలో అత్యధికులు ఆంగ్లేయులే. అటువంటి చోట చదువు ముగించుకొని 1899లో స్వదేశానికి తిరిగివచ్చి, హైదరాబాదు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరాడు. ఆ కళాశాల 1906లో మూతపడింది.

ఉద్యోగ జీవితం

ఈయన ఉద్యోగంలో చేరేనాటికి రాజ్యంలో సాగునీరంటే చెరువు నీరే. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువులు మొదలుకొని ఊరూరా ఉన్న కుంటల వరకు వేల సంఖ్యలో జలవనరులు ఉన్నా, వాటిలో చాలా భాగం గండ్లు పడి, పూడిక నిండి ఉండేవి. నదులకు అడ్డంగా పెద్ద ఆనకట్టలు కట్టే పని అప్పటికి ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. మెదక్ జిల్లాలో మంజీరాపై 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట ఆ తొలి ప్రయత్నాలలో ఒకటి.

1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ధ్వంసం చేసింది. సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. నగర రక్షణకు ఉపాయం చెప్పమని ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. మూసీపై ఉస్మాన్ సాగర్ (గండిపేట) 1920లోను, ఈసీ నదిపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తి కావటం ఆయన నివేదిక ఫలితమే. అయితే సలహా ఇచ్చిన విశ్వేశ్వరయ్య 1909లోనే మైసూరు వెళ్ళిపోయాడు. ఆ తరువాతి నిర్మాణ భారాన్ని మోసింది హైదరాబాదు ప్రజాపనుల శాఖ. జంట జలాశయాల కథ చెప్పేటప్పుడు ఈ సంగతి తరచు మరుగున పడిపోతుంది.

1918లో అలీ నవాజ్ జంగ్ ఆ శాఖకు చీఫ్ ఇంజనీరు, కార్యదర్శి అయ్యాడు. 1937లో పదవీ విరమణ చేసేవరకు, అంటే దాదాపు రెండు దశాబ్దాల పాటు, శాఖకు ఆయనే పెద్ద. పోచారం, వైరా, పాలేరు వంటి జలాశయాలు ఈ కాలంలో పూర్తయ్యాయి. ఉస్మానియా ఆసుపత్రి వంటి ప్రసిద్ధ భవనాలు కూడా ఈ కాలంలోనివే. ఇవన్నీ ఒక్కడి చేతి పనులని చెప్పటం సరికాదు. ఆ శాఖలో సమర్థులైన ఇంజనీర్లు చాలామంది ఉండేవారు, భవనాలకు వేరే వాస్తుశిల్పులు ఉండేవారు. ఏ పని ముందు, ఏ పని వెనుక అని నిర్ణయించి, వాటిని వరుసగా నడిపించటంలో మాత్రం ఈయన పాత్ర ప్రధానమైనది.

నిజాంసాగర్

మంజీరా గోదావరికి ఉపనది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండలలో పుట్టి, ఆగ్నేయంగా ప్రవహించి, బీదరు దాటి మెదక్ ప్రాంతానికి వస్తుంది. అక్కడ ఒక్కసారిగా ఉత్తరానికి మళ్ళి, నిజామాబాదు జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఈ మలుపే నిజాంసాగర్ కు ఆధారం. నది ఉత్తరానికి తిరిగిన చోట ఎత్తైన నేలపై నీటిని ఆపితే, ఏ యంత్రమూ లేకుండా కాలువ వాలు మీదనే బాన్సువాడ, బోధన్, నిజామాబాదు ప్రాంతాల పొలాలకు నీరు పారుతుంది. అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల మధ్య స్థలాన్ని ఎంపిక చేసి 1923లో పని ప్రారంభించారు. 1931లో పూర్తిచేశారు. సుమారు 3 కిలోమీటర్ల పొడవు గల రాతి ఆనకట్ట ఇది. ఆనకట్టపై మోటారు బండ్లు నడిచేందుకు 14 అడుగుల వెడల్పున బాట వేశారు.

మొదట్లో జలాశయ సామర్థ్యం 29.7 శతకోటి ఘనపుటడుగులు (టి.ఎం.సి.), ఆయకట్టు లక్ష్యం 2,75,000 ఎకరాలు. ఆ రోజుల్లో సంస్థానాలలో ఇంతటి పథకాలు అరుదు. దీనికోసం దాదాపు 40 గ్రామాలు ఖాళీ చేయవలసివచ్చింది. నిజాంసాగర్ గొప్పతనాన్ని వర్ణించే పుస్తకాలలో ఆ గ్రామాల ప్రస్తావన ఒక్క వాక్యానికి మించి కనిపించదు.

నీరు వచ్చిన తరువాత మరొక చిక్కు ఎదురైంది. మెట్ట సేద్యానికి అలవాటు పడిన రైతులు అంత నీటిని వెంటనే వాడుకోలేకపోయారు. కాలువ కింద వరి పండించటంలో అనుభవం ఉన్న రైతులు కృష్ణా, గోదావరి డెల్టాల నుండి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. వారు స్థిరపడిన ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులు అని పిలుస్తారు. ఆయకట్టు కింద చెరకు సాగు విస్తరించటంతో 1937లో బోధన్ లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. అదే సంస్థకు తరువాతి కాలంలో మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో కూడా కర్మాగారం ఏర్పడి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల చెరకు రైతులకు ఆధారమైంది. ఈ రెండూ 2015లో మూతపడ్డాయి.

జలాశయానికి అసలు శత్రువు పూడిక. మంజీరా నల్లరేగడి నేలల మీదుగా రావటం వలన ఏటా మట్టిని మోసుకువస్తుంది. 1970వ దశకం నాటికి నిల్వ సామర్థ్యం సుమారు 11.8 టి.ఎం.సి.లకు పడిపోయింది. అంటే నలభై సంవత్సరాలలో సగానికి పైగా పోయినట్లు. ఆ దశకంలోనే పూర్తి నీటిమట్టాన్ని 1405 అడుగులకు పెంచి, సామర్థ్యాన్ని సుమారు 17.8 టి.ఎం.సి.లకు తెచ్చారు. ఆ తరువాత ఎగువన సింగూరు జలాశయం నిర్మించి హైదరాబాదు తాగునీటికి మళ్ళించటంతో నిజాంసాగర్ కు వచ్చే నీరు మరింత తగ్గింది.

సుక్కూరు బారేజి

సింధు నదిపై బొంబాయి ప్రభుత్వం చేపట్టిన సుక్కూరు బారేజి ప్రపంచంలోని అతిపెద్ద సాగునీటి నిర్మాణాలలో ఒకటి. నిర్మాణం సాగుతుండగా దాని సాంకేతిక, ఆర్థిక అంశాలపై అనుమానాలు తలెత్తాయి. వాటిని పరిశీలించేందుకు 1929లో ప్రభుత్వం ఇద్దరు భారతీయ ఇంజనీర్లను నియమించింది. ఒకరు విశ్వేశ్వరయ్య, రెండవవాడు అలీ నవాజ్ జంగ్. అప్పటికి నిజాంసాగర్ ఇంకా నిర్మాణంలో ఉంది. ఒక సంస్థానపు ఇంజనీరును బ్రిటిషు పాలిత ప్రాంతంలోని పథకాన్ని తనిఖీ చేయటానికి పిలవటం ఆ కాలంలో సాధారణ విషయం కాదు.

1938లో సుభాష్ చంద్ర బోస్ కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉన్నపుడు జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది. అందులో నదుల నియంత్రణ, సాగునీటి ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షుడు.

తుంగభద్ర ఒప్పందం

పెద్ద నదులు హైదరాబాదు రాజ్యానికి సరిహద్దులు కూడా. కృష్ణా, తుంగభద్ర నదుల అవతలి ఒడ్డున మద్రాసు రాష్ట్రం ఉండేది. మద్రాసులో ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 19వ శతాబ్దంలోనే పూర్తయ్యాయి. ముందు వాడుకున్నవాడికే హక్కు అనే వాదం బలపడితే, ఆలస్యంగా మేలుకొన్న ఎగువ రాజ్యానికి ఏమీ మిగలదు. హైదరాబాదు తరఫున నీటి వాటాల చర్చలలో ఈయన పట్టుదలకు కారణం ఇదే. పదవీ విరమణ తరువాత కూడా ప్రభుత్వం ఈయన సలహాపై ఆధారపడింది.

సుదీర్ఘ చర్చల తరువాత 1944లో తుంగభద్రపై మద్రాసు, హైదరాబాదుల మధ్య ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న నదికి ఒకవైపు బేరార్ యువరాజు, మరొకవైపు మద్రాసు గవర్నరు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట 1953లో పూర్తయింది. అయితే 1956 రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. ఎడమ కాలువ, దాని ఆయకట్టు కూడా దానితో పాటే వెళ్ళాయి. హైదరాబాదు కోసం సాధించిన వాటాలో తెలంగాణకు దక్కింది స్వల్పం.

గోదావరి పథకం

ఉపనదులపై పనులు చేస్తూనే అలీ నవాజ్ జంగ్ ప్రధాన నదిపై దృష్టి పెట్టాడు. గోదావరి హైదరాబాదు రాజ్యంలో వందల మైళ్ళు ప్రవహించినా, దానిపై చెప్పుకోదగ్గ ఆనకట్ట లేదు. నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల సరిహద్దులో కుష్టాపురం వద్ద సాగునీటికీ, విద్యుత్తుకూ ఉపయోగపడే పెద్ద జలాశయం నిర్మించి, రెండువైపులా కాలువల ద్వారా ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్ జిల్లాల వైపు నీటిని తీసుకువెళ్ళాలనేది ప్రతిపాదన.

కరీంనగర్ జిల్లా పశ్చిమ భాగానికి ఈ పథకం ఎంత అవసరమో అక్కడి భూస్వరూపం చూస్తే తెలుస్తుంది. చందుర్తి, వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల ప్రాంతాలు గుట్టలతో నిండిన ఎగుడుదిగుడు మెట్ట భూములు. గోదావరి ఉత్తరాన కొద్ది దూరంలోనే పారుతున్నా దాని మట్టం తక్కువ. ఈ పల్లెలకు చెరువు, బావి, వాన తప్ప మరొక ఆధారం లేదు. నిజాం పాలన చివరి సంవత్సరాలలో మానేరుపై నర్మాల వద్ద చేపట్టిన ఎగువ మానేరు జలాశయం సిరిసిల్ల ప్రాంతానికి కొంత ఊరట. అది ఉపనది స్థాయి పనే. వానలు లేని ఏట చెరువుతో పాటు అదీ ఎండిపోతుంది. తరువాతి దశాబ్దాలలో ఈ ప్రాంతం నుండి బొంబాయికి, గల్ఫ్ దేశాలకు సాగిన వలసలకు నీటి కొరత ఒక ముఖ్య కారణం.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో విలీనమైంది. కుష్టాపురం ఆనకట్ట కాగితాలకే పరిమితమైంది. 1956 తరువాత పరిస్థితి పూర్తిగా మారింది. అంతవరకు నాందేడు, నిజామాబాదు ఒకే రాజ్యంలో ఉండేవి. మునిగే భూమి, తడిసే భూమి ఒకే ప్రభుత్వానివి. పునర్విభజనలో నాందేడు బొంబాయి రాష్ట్రానికి చేరటంతో, గోదావరిపై ఎంత ఎత్తున కట్టినా మునక అంతర్రాష్ట్ర వివాదమయ్యే పరిస్థితి వచ్చింది. చివరకు పోచంపాడు వద్ద 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు తొలి రూపంలో చాలా చిన్నది. ఆమోదించిన నీటి వినియోగం 66 టి.ఎం.సి.లు మాత్రమే. శ్రీరాంసాగర్ అనే పేరు దానికి తరువాత వచ్చింది.

దాని కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలను తడిపింది గాని చందుర్తి వైపు గుట్టలు దాని పరిధిలోకి రాలేదు. చాలా కాలం తరువాత వచ్చిన వరద కాలువ చందుర్తికి ఉత్తరాన ఉన్న కథలాపూర్, మేడిపల్లి మండలాల మీదుగా మధ్య మానేరు జలాశయానికి చేరుతుంది.

చివరి రోజులు, గుర్తింపు

అలీ నవాజ్ జంగ్ 1949 డిసెంబరు 6న మరణించాడు. ఆ తరువాత చాలా కాలం ఈయన పేరు పాఠ్యపుస్తకాలలో కనిపించలేదు. హైదరాబాదులో కట్టిన జలాశయాలకు నిజాముల పేర్లు, వారి కుమారుల పేర్లు ఉండటం, విశ్వేశ్వరయ్య కీర్తి దేశమంతటా వ్యాపించి ఉండటం ఇందుకు కొంత కారణం కావచ్చు. తెలంగాణ ఉద్యమ కాలంలో నదీజలాల వాటాలపై చర్చ తీవ్రమైనపుడు ఈయన ప్రణాళికలు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. కొందరు ఉద్యమకారులు హైదరాబాదు రాజ్యంలోని ప్రతి ప్రాజెక్టునూ ఈయనకే ఆపాదించారు, అది అతిశయోక్తి. 2014లో రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరపటం మొదలైంది.

నిజామాబాదు సమీపంలో నిజాంసాగర్ కాలువ నీటితో నిండే అలీసాగర్ అనే చిన్న జలాశయం ఉంది. ఈయన పేరే దానికి పెట్టారని చెబుతారు. నిజాంసాగర్ కాలువ చివరి భూములకు నీరందక పోవటంతో, 2000 దశకంలో కోస్లి వద్ద శ్రీరాంసాగర్ వెనుక జలాల నుండి గోదావరి నీటిని పంపులతో పైకి తోడి ఆ భూములకు అందించే ఎత్తిపోతల పథకాన్ని నిర్మించారు. దాని పేరు కూడా అలీసాగర్.