ఉస్మానియా స్థల నిర్దేశకుడు సర్ పాట్రిక్ గెడ్డెస్

హైదరాబాద్: సీతాఫల్‌మండి, అడిక్‌మెట్, తార్నాక ప్రాంతాల నడుమ విస్తరించిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం పేరు వినగానే గులాబీ వన్నె గ్రానైటు రాతితో నిర్మితమైన ఆర్ట్స్ కళాశాల స్ఫురిస్తుంది. ఆ భవనానికి రూపకల్పన చేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్, ఆయన వెళ్ళిన పిమ్మట నిర్మాణాన్ని పర్యవేక్షించిన నవాబ్ జైన్ యార్ జంగ్ పేర్లు తరచుగా ప్రస్తావనకు వస్తుంటాయి. వారిరువురి కంటే ముందుగా నేలను పరిశీలించి, నిర్మాణానికి అనువైన స్థలాల ప్రాధాన్యక్రమాన్ని నిర్ణయించి, 1923లో నివేదిక సమర్పించిన పట్టణ ప్రణాళికావేత్త సర్ పాట్రిక్ గెడ్డెస్ పేరు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

గెడ్డెస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండ్‌లోని బాలటర్‌లో జన్మించారు. లండన్‌లో ప్రఖ్యాత జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ వద్ద విద్యనభ్యసించినప్పటికీ ఏ విశ్వవిద్యాలయం నుండీ పట్టా పొందలేదు. 1879లో పరిశోధన నిమిత్తం మెక్సికో వెళ్ళినప్పుడు కొంతకాలం చూపు కోల్పోయారు. ఆ చీకటి గదిలోనే కిటికీ గళ్ళను చేతితో తడుముతూ, ఆలోచనలను గళ్ళుగా విభజించి అమర్చుకునే పద్ధతిని రూపొందించుకున్నారు. సూక్ష్మదర్శిని వాడకం కష్టమవడంతో ఆయన దృష్టి క్రమంగా మొక్కల నుండి మనుషుల వైపు, వారు నివసించే ఊళ్ళ వైపు మళ్ళింది. 1888 నుండి 1919 వరకు డండీలో వృక్షశాస్త్ర ఆచార్యులుగా కొనసాగుతూనే పట్టణాల అధ్యయనానికి జీవితాన్ని అంకితం చేశారు.

1886లో అన్నా మార్టన్‌ను వివాహమాడిన గెడ్డెస్, సంపన్నుల నివాసాలను విడిచి ఎడిన్‌బరో పాతబస్తీలోని శిథిల గృహ సముదాయంలో భార్యతో కాపురం పెట్టారు. ఇరుగుపొరుగు వారితో కలిసి గోడలకు సున్నం వేయించి, చిన్న చిన్న తోటలు పెంచి, శిథిలమైన ఇళ్ళను మాత్రమే తొలగించి తక్కిన వాటిని బాగు చేయించారు. స్థలం, వృత్తి, జనం అనే మూడింటినీ కలిపి పరిశీలించనిదే ఏ ప్రణాళికా గీయరాదన్నది ఈ అనుభవం నుండి బలపడిన ఆయన సిద్ధాంతం.

మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్‌లాండ్ ఆహ్వానంపై 1914లో గెడ్డెస్ భారతదేశానికి వచ్చారు. ఆయన వెంట రావలసిన నగరాల ప్రదర్శన సామగ్రిని మోసుకొస్తున్న నౌకను జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ముంచివేసింది. మద్రాసుపై గుండ్ల వర్షం కురిపించి ప్రజలను గడగడలాడించిన ఎండెన్ ఇదే. ఏళ్ళ తరబడి సేకరించిన పటాలు, చిత్రాలు సముద్రం పాలైనా గెడ్డెస్ అధైర్యపడలేదు. మిత్రుల సహాయంతో కొత్తగా సామగ్రిని సమకూర్చుకొని 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన నిర్వహించారు.

ఆనాటి పురపాలక సంఘాలు పారిశుద్ధ్యం పేరిట ఇరుకు బస్తీల గుండా వెడల్పాటి రహదారులు వేసి, అడ్డువచ్చిన ఇళ్ళను కూల్చివేసే పద్ధతిని అనుసరించేవి. నిలువ నీడ కోల్పోయిన పేదలు పక్క బస్తీలలో మరింత ఇరుకున తలదాచుకునేవారు. ఈ విధానాన్ని గెడ్డెస్ గట్టిగా వ్యతిరేకించారు. దోమల భయంతో చెరువులను పూడ్చరాదని, వాటిని శుభ్రపరచి చేపలను పెంచాలని సూచించారు. ప్లేగు వ్యాధితో అల్లాడిన ఇండోరులో దీపావళి సందర్భంగా పెద్ద ఊరేగింపు ఏర్పాటు చేసి, ఇళ్ళను, వీధులను శుభ్రపరచుకున్న పేటల గుండా దానిని నడిపించారు. మన పల్లెలలో నరకాసురుని బొమ్మను తగులబెట్టినట్లే అక్కడ మురికి రక్కసి బొమ్మను దహనం చేయించారు. ఇండోరుపై ఆయన నివేదిక 1918లో రెండు సంపుటాలుగా వెలువడింది.

1917వ సంవత్సరం ఆయనకు తీరని శోకాన్ని మిగిల్చింది. పెద్ద కుమారుడు అలస్‌డేర్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో మరణించగా, జబ్బుపడి ఉన్న భార్యకు ఆ వార్తను తెలియనీయలేదు. కొద్ది వారాలకే ఆమె కూడా భారతదేశంలోనే కన్నుమూశారు. అయినా గెడ్డెస్ తన కృషిని విరమించలేదు. 1919 నుండి 1924 వరకు బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజిక, పౌర శాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు.

1917 ఫర్మానాతో ఏర్పడి, 1919లో బోధన ప్రారంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తొలినాళ్ళలో సొంత ప్రాంగణం లేదు. గెడ్డెస్ నివేదిక అనంతరం దశాబ్దానికి పైగా గడిచిన పిదప 1934 జూలై 5న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ శంకుస్థాపన చేయగా, ఆర్ట్స్ కళాశాల భవనం 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. వాటిలో ఏదీ గెడ్డెస్ చూడలేదు. 1932లో సర్ బిరుదు స్వీకరించిన ఆయన, అదే ఏడాది ఏప్రిల్ 17న ఫ్రాన్స్‌లోని మాంపెలియర్‌లో తుదిశ్వాస విడిచారు.

గెడ్డెస్ బొంబాయిలో బోధించిన కాలంలోనే అక్కడి వాస్తుశిల్పులు సంఘటితమవుతున్నారు. 1917లో విద్యార్థుల సంఘంగా మొదలైన వారి సంస్థ 1929లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌గా రూపొందింది. పట్టణ ప్రణాళికావేత్తల జాతీయ సంస్థ 1951లో ఏర్పాటైంది. ఈ రెండు సంస్థలకూ రాష్ట్ర స్థాయి శాఖలున్నాయి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం నిర్ణీత అర్హతతో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అనే హోదాను ఉపయోగించుకోగలరు. ఆ చట్టం హోదాకు రక్షణ కల్పిస్తుందే గాని, నమోదు కానివారు ఆ పని చేయడాన్ని నిషేధించదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది.

ఏ పట్టా లేని గెడ్డెస్ నేడు జీవించి ఉంటే ఆ హోదాకు అర్హులు కారు. హోదాకు చట్టం రక్షణ ఇస్తుంది. నేలను నడిచి చూసే అలవాటును, నివాసులను అడిగి తెలుసుకునే ఓపికను మాత్రం వృత్తి సంస్థలే తమ సభ్యులలో పెంపొందించాలి. సభ్యుల హక్కులను కాపాడటంతో పాటు, పటం గీయడానికి ముందు సర్వే జరిగిందా, చెరువును, పాత బస్తీని కాపాడే మార్గం వెదికారా అని ప్రశ్నించడం కూడా వాటి కర్తవ్యమే. ఆ ప్రశ్నకు ప్రణాళికలను ఆమోదించే అధికారులు, వాటిని ప్రజలకు వివరించే పాత్రికేయులు సైతం తోడైనప్పుడే గెడ్డెస్ కృషికి సార్థకత చేకూరుతుంది.