తన కంచం తానే కడిగిన శాస్త్రవేత్త – మేఘనాద్ సాహా

హాస్టల్‌లో ఎవరి కంచం వాళ్ళమే కడుక్కుంటాం. అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ కులం తక్కువని చెప్పి, నీ కంచం నువ్వే కడుక్కోవాలని షరతు పెడితే? ఆ షరతుకు ఒప్పుకొని చదువుకున్న ఒక పల్లెటూరి కుర్రవాడు తర్వాత నక్షత్రాల వేడిని లెక్కగట్టే సూత్రాన్ని ప్రపంచానికి ఇచ్చాడు. ఆయనే మేఘనాద్ సాహా. ఈ వార్షికోత్సవ సందర్భంగా ఆయన జీవితాన్ని మనం తప్పక తెలుసుకోవాలి.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా దగ్గరి శేవరాతలి గ్రామంలో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి జగన్నాథ్ చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. ఎనిమిది మంది పిల్లల్లో సాహా ఐదోవాడు. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల దాటితే చదువు లేదు. పక్క గ్రామం సిమూలియాలో అనంత కుమార్ దాస్ అనే వైద్యుడు అతనికి తన ఇంట్లో చోటిచ్చారు. కంచం కడుక్కోవడం, ఆవును చూసుకోవడం అక్కడి షరతులు. అయినా ఆ తిండి, ఆ నీడ లేకపోతే సాహా చదువు అక్కడితో ఆగిపోయేదే. జిల్లాలో మొదటివాడిగా నిలిచి నెలకు 4 రూపాయల స్కాలర్‌షిప్ తెచ్చుకున్నారు. జనపనార కంపెనీలో చిరుద్యోగి అయిన అన్న జయనాథ్ తన జీతంలోంచి నెలకు 5 రూపాయలు పంపేవారు.

1905లో బెంగాల్ విభజన జరిగింది. గవర్నర్ బడికి వచ్చిన రోజు కొందరు విద్యార్థులు నిరసనగా చెప్పులు లేకుండా వచ్చారు. వారిలో సాహా కూడా ఉన్నందుకు బడి నుంచి పంపేశారు, స్కాలర్‌షిప్ కూడా పోయింది. ఆయన కుంగిపోలేదు. మరో పాఠశాలలో చేరి, 1909 ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్‌లో ప్రథముడిగా వచ్చారు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి ఈడెన్ హిందూ హాస్టల్‌లో దిగారు. అక్కడ కొందరు విద్యార్థులు ఆయన పక్కన కూర్చొని భోంచేయడానికి అభ్యంతరం చెప్పారు. సరస్వతీ పూజ దగ్గరికీ రానివ్వలేదు. ఈ భాగం చదివినప్పుడు మా మనసు చివుక్కుమంది. హాస్టల్ అంటే అందరూ ఒకే బంతిలో తినే చోటు కావాలి కదా!

అదే కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే ఆయన గురువులు, సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. సాహా సైకిల్‌పై తిరిగి ట్యూషన్లు చెబుతూ చదువు సాగించారు. 1915లో ఎమ్మెస్సీ పూర్తి చేసి, మరుసటి ఏడాది లెక్చరరయ్యారు.

ఆ రోజుల్లో శాస్త్రవేత్తలను ఒక ప్రశ్న వేధిస్తోంది. సూర్యుని ఉపరితలం పైనున్న పలుచని పొరలో, ఎలక్ట్రాన్ కోల్పోయిన కాల్షియం చాలా ఎత్తు వరకు కనిపిస్తోంది. పరమాణువు ఎలక్ట్రాన్‌ను కోల్పోవడాన్నే అయనీకరణం అంటారు. వేడి ఒక్కటే కారణమైతే కింది పొరలోనే అది ఎక్కువ ఉండాలి కదా? సాహా 1920లో దీనికి జవాబు చెప్పారు. వేడితో పాటు పీడనాన్నీ చూడాలి. వాయువు దట్టంగా ఉంటే విడిపోయిన ఎలక్ట్రాన్ వెంటనే మరో అయాన్‌కు చిక్కుతుంది. పలుచగా ఉంటే చిక్కడానికి చాలాసేపు పడుతుంది. అందుకే పలుచని చోట అయనీకరణం ఎక్కువ. ఈ లెక్కే సాహా సమీకరణం. దీని సాయంతోనే 1925లో సిసిలియా పేన్ అనే యువతి నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనే అని చూపింది.

నక్షత్రాల మధ్య ఖాళీలోనూ వాయువు ఉంది. సగటున ఘన సెంటీమీటరుకు దాదాపు ఒక్క పరమాణువు! అక్కడ సాహా సమీకరణం ఒక్కటే చాలదు, ఎందుకంటే వేడికీ కాంతికీ అక్కడ సమతుల్యం ఉండదు. వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. అలా ఎంత దూరం వరకు జరుగుతుందో 1939లో స్ట్రామ్‌గ్రెన్ లెక్క కట్టారు. వాయువులోని సుడులు కూడా ఊరుకోవు. ధ్వని కన్నా వేగంగా ప్రవాహాలు ఢీకొన్నప్పుడు షాక్ తరంగాలు పుట్టి వాయువును వేడెక్కిస్తాయి. అవే కొన్నిచోట్ల దాన్ని దట్టం చేస్తాయి, అక్కడ ఎలక్ట్రాన్లు మళ్ళీ త్వరగా కలుస్తాయి. గెలాక్సీల మధ్య వాయువు ఇంకా పలుచన. తొలి నక్షత్రాలు, గెలాక్సీల కాంతి వల్ల అది విశ్వం పుట్టిన సుమారు 100 కోట్ల ఏళ్ళలోనే దాదాపు పూర్తిగా అయనీకరణం చెందింది. వేడి, సాంద్రత, కాంతి – ఏది ఎలక్ట్రాన్‌ను విడదీస్తుంది, ఏది కలుపుతుంది అనే తూకం మొదట నేర్పినవారు సాహా.

1927లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. నోబెల్‌కు పలుమార్లు ప్రతిపాదించినా రాలేదు. అయినా ఆయన ప్రయోగశాలకే పరిమితం కాలేదు. వరదలు చూసి పెరిగిన మనిషి కాబట్టి నదుల అదుపు గురించి రాశారు. కలకత్తాలో అణు భౌతికశాస్త్ర సంస్థను స్థాపించారు. 1952లో స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచారు. మన జాతీయ క్యాలెండర్‌ను రూపొందించిన సంఘానికి అధ్యక్షత వహించారు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి వెళుతూ దారిలో గుండెపోటుతో కన్నుమూశారు.

సాహా కష్టపడ్డారు కాబట్టి పైకి వచ్చారని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఒక వైద్యుని ఇల్లు, ఒక అన్న పంపిన 5 రూపాయలు, ఒక స్కాలర్‌షిప్ కూడా ఆ కష్టంతో కలిశాయి. మన హాస్టల్ మనకు అదే ఇచ్చింది. ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలూ అక్కలూ, ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మనం చేయాల్సింది రెండే. మన పక్కన కూర్చొని తినేవాడిని ఎవరూ లేపకుండా చూద్దాం. చదవగలిగే పిల్లవాడికి నెలకు ఆ 5 రూపాయల అన్న మనమే అవుదాం.