శ్రీమంత శంకరదేవులు

శ్రీ తాళ్లపాక అన్నమాచార్యులవారు తిరుమలపై సంకీర్తనలతో శ్రీనివాసుని అర్చించుచుండిన కాలముననే, దేశమునకు ఈశాన్యమున బ్రహ్మపుత్రా తీరమునందు మరియొక వాగ్గేయకారుడు ఉదయించెను. అస్సామీయులు నేటికిని మహాపురుషుడని భక్తితో తలచెడి శ్రీమంత శంకరదేవులే ఆయన. పాటలు కట్టి రాగతాళములు కూర్చిరి. నాటకములు రచించి తామే వేషము వేసి ఆడిరి. కూచిపూడి భాగవతుల ఆటలు చూచిన తెలుగువారికి ఆయన కృషి పరాయిదిగా తోచదు.

నేటి నగావ్ జిల్లాలోని బరదోవా ప్రాంతమున, భుయ్యాలను భూస్వాముల వంశమున, 1449లో ఆయన జన్మించిరి. తండ్రి కుసుంబరుడు, తల్లి సత్యసంధ్య. పసితనముననే తల్లిదండ్రులు గతించుటచే నాయనమ్మ ఖేర్సుతి పెంచినది. పండ్రెండవ యేట మహేంద్ర కందలి అను పండితుని పాఠశాలలో చేర్చినదియు ఆమెయే. అక్షరములు మాత్రము వచ్చి గుణింతము ఇంకను రాని దశలో, తలకట్టు అక్షరములతోనే భగవంతునిపై ఒక పద్యము అల్లిరని అచ్చటివారు చెప్పుకొందురు.

యౌవనమున వివాహమైనది. కూతురు పుట్టిన కొలది కాలమునకే భార్య సూర్యవతి మరణించినది. ఆ బిడ్డ పెరిగి పెండ్లియగువరకు గృహభారము మోసి, ముప్పదిరెండేండ్ల వయస్సున తీర్థయాత్రకు బయలుదేరిరి. పండ్రెండు సంవత్సరములు పూరీ, కాశి, ప్రయాగ, మథుర, బృందావనము మొదలగు క్షేత్రములు సేవించిరి. తొలి గీతము బదరికాశ్రమమున వెలువడినదని ప్రతీతి. ఆయన గీతములను అస్సామీయులు బరగీతములందురు. గొప్ప పాటలని అర్థము.

తిరిగి వచ్చిన పిమ్మట మిథిల నుండి జగదీశ మిశ్రుడను పండితుడు శ్రీధరస్వామి వ్యాఖ్యతో కూడిన శ్రీమద్భాగవతమును తెచ్చి వినిపించెను. శంకరదేవులకు దారి దొరికినది. మన పోతనామాత్యులవలె ఆయనయు భాగవతమును జనుల భాషలోనికి తెచ్చిరి. అయితే చదువురాని రైతుకు, చేపలు పట్టువానికి గ్రంథము ఎట్లు అందవలెను? అందులకే నాటకము. చిహ్నయాత్ర అను తొలి ప్రదర్శనలో సప్త వైకుంఠములను తామే చిత్రించి తెరలుగా కట్టిరని చరిత్రకారులు వ్రాసిరి. ఆ నాటకము నేడు లభించుట లేదు. పత్నీప్రసాదము, కాళియదమనము, కేళిగోపాలము, రుక్మిణీహరణము, పారిజాతహరణము, రామవిజయము అను ఆరు మాత్రము నిలిచినవి. వీనిని అంకియా నాటకములందురు.

వీని కట్టుబాటు తెలిసికొనదగినది. మొదట ఖోలు అను మట్టి మృదంగములు, తాళములు పట్టిన వాద్యబృందము చాలసేపు వాయించును. పిదప దివిటీల వెలుగులో తెర వెనుక నుండి సూత్రధారుడు వచ్చును. సంస్కృత నాటకమున సూత్రధారుడు ప్రస్తావన ముగించి నిష్క్రమించును. ఇచ్చట తుదివరకు రంగముననే ఉండి, పాడుచు, ఆడుచు, కథను విడమరచి చెప్పుచు పాత్రలను నడుపును. శ్లోకములు సంస్కృతము, పాటలు, వచనము వ్రజావళి అను మిశ్రభాష. మైథిలీ పలుకుబడితో అస్సామీయము కలసిన ఆ భాష ఎవరికిని మాతృభాష కాదు గనుక దేవతల నోట పలికించుటకు తగియున్నది. వెదురుతో అల్లిన కాళియుని ఆకారము, రాక్షసుల ముఖములు, తెల్లవారువరకు సాగెడి ఆట, వేషగాండ్రు ఊరివారే. ఆటకు చోటు నామ్‌ఘర్ అను ప్రార్థనామందిరము. అందు పీఠముపై విగ్రహమునకు మారుగా పవిత్ర గ్రంథమును ఉంచుదురు. అర్చామూర్తి సేవకు అలవడిన మనకు ఇది వింతగా తోచవచ్చును. వారికి భగవన్నామమే మూర్తి.

మాజులీ ప్రాంతమున ఉండగా మాధవదేవుడను యువకుడు వాదమునకు వచ్చెను. శక్తి ఉపాసకుడు, తల్లి జబ్బు నయమగుటకై దేవికి మేకలను మ్రొక్కుకొన్నవాడు. చెట్టు వేరునకు నీరు పోసిన కొమ్మలన్నియు తృప్తి చెందునను భాగవత ఉపమానము విని శిష్యుడయ్యెను. తరువాతి చరిత్రయంతయు ఈ గురుశిష్యులదే.

అది సుఖముగా సాగినది కాదు. అహోం రాజు ఏనుగులను పట్టించునపుడు భుయ్యాల కాపలా తప్పి ఏనుగు పారిపోయినది. ఆ నేరమునకు శంకరదేవుల అల్లుడు హరిని చంపించిరి. మాధవదేవుని చెరపట్టి పిదప విడిచిరి. వృద్ధుడైన గురువు ఆ రాజ్యమును వీడి కోచ్ రాజ్యమునకు వలసపోయి, బర్‌పేట సమీపమున పాట్‌బావుసిలో స్థిరపడిరి. అచ్చటను కొందరు పండితులు నరనారాయణ మహారాజుతో ఫిర్యాదు చేసిరి. శిష్యులు హింసల పాలైరి. రాజు తమ్ముడు చిలారాయుడు గురువును దాచి కాపాడెను. తుదకు సభలో శంకరదేవులు నిలిచి వాదించగా రాజే ఆయనను ఆదరించెను.

వీనియన్నిటికంటె పెద్ద దెబ్బ నిప్పు వలన తగిలినది. ఆయన వ్రాసిన బరగీతములు 240 అందురు. వల్లించుటకై కమలుడను గాయకుడు తాళపత్రములవంటి ఆ వ్రాతప్రతిని ఇంటికి తీసికొనిపోగా, కార్చిచ్చు వ్యాపించి ఇల్లును, ప్రతియు కాలిపోయినవి. పాడినవారి జ్ఞాపకము నుండి తిరిగి సేకరింపగా దక్కినవి సుమారు 35. అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల భాండారమున నిలువగలిగినవి. వానిలోను ఎన్నియో మనకు అందలేదు. బ్రహ్మపుత్రా తీరమున ఆ రాగిరేకులు కూడ లేవు. శంకరదేవులు మిక్కిలి ఖేదపడి, ఇక తాము గీతములు కట్టమనియు, నీవు వ్రాయుమనియు మాధవదేవునకు చెప్పిరట. శిష్యుడు 150కి పైగా వ్రాసెను. బాలకృష్ణుని అల్లరియు, యశోద వాత్సల్యమును ఆ పాటలలో నిండియున్నవి.

గీతములు మానినను నాటకము మానలేదు. చిలారాయుని కోరికపై సీతాస్వయంవరమును రామవిజయముగా రచించిరి, అదియే కడపటిది. ఆ 1568లోనే, కోచ్‌బిహార్ సమీపమున భేలాదొంగాలో పరమపదించిరి. సంప్రదాయము లెక్క ప్రకారము ఆయనకు 119 ఏండ్లు.

ఆయన మఠములను సత్రములందురు. వానిలో పెంపొందిన సత్రియ నృత్యమును సంగీత నాటక అకాడమీ 2000 సంవత్సరమున శాస్త్రీయ నృత్యముగా గుర్తించి, మన కూచిపూడి సరసన నిలిపినది. ఏటేట భాద్రపద శుక్ల విదియనాడు ఆయన తిథిని జరుపుదురు. ఆ నాడు నామ్‌ఘర్‌లలో ఖోలు మ్రోగును; ఊరివారు కాలిపోగా మిగిలిన ఆ పాటలను పాడుదురు.