బహుకళా సంగమం – అడివి బాపిరాజు

కళలు అరువది నాలుగని మన పెద్దలు లెక్క చెప్పారు. వానిలో ఒక్కదానిని పట్టుకొని దాని లోతు చూడడానికే ఒక జన్మ చాలదని లోకానుభవం. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధంలో తెలుగునాట జీవించిన ఒక మహనీయుడు చిత్రాలు గీశారు; పాటలు కట్టి తామే పాడారు; కథలు, నవలలు రచించారు; చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించారు; కళాశాలను నడిపారు; దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. ఆయనే అడివి బాపిరాజు గారు. నవలలు చదివినవారు ఆయనను నవలాకారుడంటారు. బొమ్మలు చూసినవారు చిత్రకారుడంటారు. పాటలు విన్నవారికి ఆయన కవి. ఇన్ని కళలు ఒక్కరిలో ఎలా ఒదిగాయో తెలుసుకోవడం చదువుకునే పిల్లలకూ, చదువు చెప్పే పెద్దలకూ కూడ ఎంతో మేలు చేస్తుంది.

బాపిరాజు గారు 1895వ సంవత్సరం అక్టోబరు 8వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి కృష్ణయ్య గారు, తల్లి సుబ్బమ్మ గారు. అది గోదావరి డెల్టా ప్రాంతం. కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు కంటికి విందు చేస్తే, హరికథలు, తోలుబొమ్మలాటలు, గంగిరెద్దుల వారి సన్నాయి చెవికి విందు చేసేవి. రంగునూ రాగాన్నీ వేరు వేరుగా ఎంచని చూపు అటువంటి నేల మీద పుట్టిన బిడ్డకు సహజంగానే అబ్బింది. తరువాతి కాలంలో ఆయన గోదావరి వరదను గూర్చి వ్రాసిన పాట ప్రసిద్ధి పొందింది. ఆ పాటలో నీటి ఉరవడి చెవికి వినిపిస్తుంది, కంటికీ కనిపిస్తుంది.

ఉన్నత విద్య కోసం ఆయన రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చేరారు. ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన ఘట్టమిదే. ఆనాడు ఆ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు అధ్యక్షులు. 1909 నుండి 1919 వరకు ఆయన ఆ పదవిలో ఉన్నారు. పాఠాలు చెప్పే గురువే కాక ఆయన స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు, రచయిత. గోదావరి తీరంలోని పల్లెల అందాన్ని చూసి మురిసినవాడు. విద్యార్థులలో ఎవరి చేతిలో గీత ఉన్నదో, ఎవరి గొంతులో పాట ఉన్నదో కనిపెట్టి వారిని చేరదీసేవారు. దామెర్ల రామారావు గారిని చిత్రకళాభ్యాసానికి బొంబాయి పంపించినది ఆయన ప్రోత్సాహమే. బాపిరాజు గారిలోని చిత్రకారుణ్ణీ కవినీ కూడ ఆ గురువే గుర్తించారు. పరీక్షలో రాని మార్కులను కూడ చూడగలిగిన గురువు దొరకడం ఆ తరం విద్యార్థుల అదృష్టం. రామారావు గారు 28 ఏళ్ళు నిండకుండానే 1925లో కన్నుమూశారు. కూల్డ్రే నాటిన మొక్కలలో ఒకటి అలా అకాలంగా వాడిపోగా, బాపిరాజు గారు అనేక శాఖలతో విస్తరించారు.

పట్టభద్రులైన పిదప బాపిరాజు గారు మదరాసులో న్యాయశాస్త్రం చదివారు. భీమవరంలో కొంతకాలం న్యాయవాద వృత్తి కూడ చేశారు. అయితే ఆ వృత్తిలో ఆయన మనసు నిలువలేదు. గాంధీ మహాత్ముని పిలుపు అందుకొని సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొన్నారు. 1922లో కారాగారవాసం అనుభవించారు. నాటి బందరులో, 1910లో కోపల్లె హనుమంతరావు గారి కృషితో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది. స్వదేశీ విద్యను అందించడమే దాని ఆశయం. అక్కడ వంగదేశం నుండి వచ్చిన ప్రమోదకుమార చటర్జీ గారు చిత్రకళ బోధించేవారు. బాపిరాజు గారు వారి వద్ద శిష్యరికం చేశారు.

వంగదేశపు చిత్రకారులు అనుసరించిన పద్ధతిలో ఓర్పు ప్రధానం. కాగితం మీద సన్నని రేఖలతో బొమ్మ గీసి, నీటిరంగులు పూసి, ఆరిన తరువాత కాగితాన్ని నీటిలో తడుపుతారు. పైపై రంగు కొట్టుకుపోగా, కాగితంలోనికి ఇంకినది నిలుస్తుంది. దాని మీద మరల రంగు, మరల తడపడం. ఇలా పలుమార్లు జరిగిన పిదప బొమ్మకు మంచుతెర వెనుక నుండి చూసినట్టి మెత్తదనం వస్తుంది. బాపిరాజు గారి శబ్దబ్రహ్మ, సముద్రగుప్తుడు, తిక్కన మొదలైన చిత్రాలు పేరెన్నిక గన్నవి. ఆయన ఎన్నుకొన్న విషయాలను గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. శబ్దబ్రహ్మ నాదానికి రూపం. వీణ వాయించిన చక్రవర్తి సముద్రగుప్తుడు. తిక్కన మహాకవి. అనగా, ఆయన కుంచె పట్టినపుడు కూడ సంగీత సాహిత్యాలనే ధ్యానించారు.

కలం పట్టినపుడు ఆ కుంచెను ఆయన క్రింద పెట్టలేదు. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నిర్వహించిన నవలల పోటీలో ఆయన నారాయణరావు నవల, విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలుతో సమానంగా బహుమతి పంచుకొన్నది. అది సాంఘిక నవల. ఆ పిమ్మట ఆయన దృష్టి తెలుగువారి గత వైభవం మీదికి ప్రసరించింది. హిమబిందులో శాతవాహన యుగాన్ని, అడివి శాంతిశ్రీలో ఇక్ష్వాకుల విజయపురిని, అంశుమతిలో తూర్పు చాళుక్యుల కాలాన్ని, గోన గన్నారెడ్డిలో రుద్రమదేవి ఏలిన ఓరుగల్లును కళ్ళకు కట్టించారు. ఆభరణం, తలకట్టు, రథం, స్తూపం, నాట్యభంగిమ – దేనిని వర్ణించినా చిత్రకారుని పరిశీలన అందులో కనిపిస్తుంది. అమరావతి శిల్పాలను చూసి వచ్చి హిమబిందు చదివిన పాఠకునికి, రాతిలో నిలిచిపోయిన మనుషులు లేచి నడిచినట్లనిపిస్తుంది. చరిత్ర గ్రంథాలలో రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు ఉంటాయి. ఆనాటి మనుషులు ఏమి ధరించారో, ఎలా పాడుకొన్నారో ఊహించి చెప్పగలవాడు కళాకారుడే.

గేయరచనలో ఆయనకు శశికళ ఆరాధ్య. ఈమె ఊహాసుందరి, కళకే ఆయన పెట్టుకొన్న పేరని చెప్పవచ్చును. భావకవిత్వం వెల్లివిరిసిన ఆ దినాలలో శశికళ గీతాలు ఎందరినో ఆకర్షించాయి. తమ పాటలను తామే రాగయుక్తంగా పాడి వినిపించడం బాపిరాజు గారికి అలవాటు.

1934 నుండి 1939 వరకు ఆయన బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు. తాము శిష్యులుగా కూర్చున్న చోటనే గురువుగా నిలిచే భాగ్యం ఆయనకు దక్కింది. ఆ కాలంలోనే చలనచిత్ర రంగం నుండి పిలుపు వచ్చింది. సి. పుల్లయ్య గారి దర్శకత్వంలో 1936లో వెలువడిన సతీ అనసూయ, ధ్రువ విజయము చిత్రాలలోని పాత్రధారులందరూ పిల్లలే. నేటి బాలబాలికలకు ఇది వింతగా తోచవచ్చును. అనసూయగా నటించిన కృష్ణవేణి కూడ అప్పటికి చిన్నపిల్లయే. ఆ చిత్రాలకు కళాదర్శకులు బాపిరాజు గారు. తరువాత మీరాబాయి చిత్రానికి కూడ ఆయన కళాదర్శకత్వం వహించారు. ఆశ్రమం ఎలా ఉండాలి, రాణి ఏ నగలు ధరించాలి, గోడ మీద ఏ చిత్రం ఉండాలి అని నిర్ణయించవలసిన ఆ పనికి చిత్రకారుని చేయి, చరిత్రకారుని జ్ఞానం, కథకుని ఊహ మూడూ అవసరం. ఆ మూడూ ఆయన వద్ద ఉన్నాయి.

1944లో ఆయన హైదరాబాదు వెళ్ళి మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులయ్యారు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. తెలుగు బిడ్డలకు తమ భాషలో చదువు లభించడమే దుర్లభమైన కాలమది. అటువంటి చోట నిత్యం తెలుగు అక్షరాన్ని ఇంటింటికీ చేర్చడం సామాన్య విషయం కాదు. తరువాత విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి సలహాదారుగా కూడ ఆయన సేవలందించారు.

ఒక్క కళనే నమ్ముకొని ఉంటే ఆయన ఇంకా ఉన్నత శిఖరం అందుకొనేవారనే విమర్శ లేకపోలేదు. ఆయన నాయకులు లోపమెరుగని ఆదర్శమూర్తులనీ, రచనలలో ఊహ పాలు ఎక్కువనీ అన్నవారున్నారు. ఆ మాటలో కొంత నిజమున్నది. నారాయణరావు వంటి సర్వసద్గుణ సంపన్నుడు నిత్యజీవితంలో ఎదురుపడడం అరుదు. అయినా చిత్రకారుడు కాని బాపిరాజు హిమబిందును ఆ రంగులతో వ్రాయలేడు. పాడలేని బాపిరాజు శబ్దబ్రహ్మను ఊహించలేడు. ఒక కళను తీసివేస్తే తక్కినవి కూడ వెలవెలబోతాయి. చూడడానికి పాయలు వేరైనా నది ఒక్కటే.

1951లో మదరాసు ప్రభుత్వం ఆయనచేత సింహళంలోని సిగిరియా కుడ్యచిత్రాలకు ప్రతికృతులు వ్రాయించింది. ఏబదియారేళ్ళ వయసులో, అంతటి కీర్తి గడించిన పిదప, పూర్వ శిల్పుల రేఖను ఉన్నదున్నట్లు అనుసరించే విద్యార్థిగా ఆయన మరల మారారు. మరుసటి సంవత్సరం, 1952 సెప్టెంబరు 22వ తేదీన, మదరాసు నగరంలో ఆయన పరమపదించారు. అప్పటికి ఆయన వయసు 57 నిండలేదు. నెల తిరుగక ముందే, అక్టోబరు 19న, అదే నగరంలో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష ప్రారంభించారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మదరాసు తమిళనాట నిలిచింది. తెలుగువారి ప్రాచీన వైభవాన్ని జీవితమంతా కీర్తించిన బాపిరాజు గారు ఆ రాష్ట్రావతరణను చూడలేదు. కాని ఆయన న్యాయశాస్త్రం చదివిన నగరమూ, తుదిశ్వాస విడిచిన నగరమూ ఇదే. ఇక్కడ తెలుగు చదువుకునే ప్రతి బిడ్డకూ ఆయన స్మృతి మీద హక్కున్నది.

అంబత్తూరులో రైలెక్కితే ఎగ్మూరు పురావస్తు ప్రదర్శనశాల ఎంతో దూరం లేదు. అమరావతి సున్నపురాతి శిల్పాలు అక్కడ ఉన్నాయి. హిమబిందు చదివిన విద్యార్థులు ఒకసారి వానిని చూసి రావాలి. లెక్కల పుస్తకం అంచున పువ్వు గీసే పిల్లవాడు, వరుసలో నిలబడి కూనిరాగం తీసే బాలిక ప్రతి తరగతిలోనూ ఉంటారు. చదువు చెడిపోతుందని వారిని గదమాయించడం తేలిక. కూల్డ్రే దొర అలా గదమాయించి ఉంటే తెలుగువారికి బాపిరాజు దక్కేవారు కారు. ఆ పువ్వును చూసి రెండవ పువ్వు గీయమని చెప్పే ఉపాధ్యాయుడు, ఆ పాటను పూర్తిగా వినిపించమనే తల్లి ప్రతి బిడ్డకూ లభింతురు గాక.