కొలిచి ఇచ్చిన నిద్ర: డాక్టర్ జాన్ స్నో

ఆదాము ప్రక్కటెముకను తీయకముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడని ఆదికాండములో చదువుతాము. వైద్యులకు అలాంటి నిద్ర చేతికందింది 1846లో, ఈథర్‌తో. ఆ నిద్ర ఎవరికి ఎంత అవసరమో కొలిచి చూపిన వ్యక్తి డాక్టర్ జాన్ స్నో.

ఆయన 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్‌లో ఒక కూలి కుటుంబంలో పుట్టారు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దవారు. 14వ ఏట ఒక వైద్యుని దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. 18 ఏళ్లకే బొగ్గు గనుల్లో కలరా రోగులకు సేవ చేశారు. యౌవనంలోనే మద్యం మానుకున్నారు. వివాహం చేసుకోలేదు.

ఈథర్ లండన్ చేరగానే, ఆవిరిని కొలత ప్రకారం అందించే పరికరాన్ని ఆయన తయారుచేశారు. మత్తు లోతును ఐదు దశలుగా విభజించారు. 1847 నవంబరులో ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ క్లోరోఫామ్‌ను వాడుకలోకి తెచ్చారు. మూడు నెలలు గడవకముందే హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చి, ఆ మత్తులోనే చనిపోయింది. లోకం భయపడింది. గుడ్డ మీద కొలత లేకుండా పోసిన మందే ప్రమాదమని స్నో గ్రహించారు. ఈథర్ కంటే క్లోరోఫామ్‌కు ఎక్కువ జాగ్రత్త కావాలని హెచ్చరించారు.

ప్రసవవేదన దేవుడు నియమించినదనీ, దాన్ని తగ్గించకూడదనీ కొందరు బోధకులు వాదించిన రోజులవి. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ప్రసవానికి స్నోను పిలిపించారు. ఆయన ఒక్కొక్క నొప్పికి కొద్ది చుక్కల చొప్పున 53 నిమిషాలు క్లోరోఫామ్ ఇచ్చారు. నొప్పి తగ్గింది, రాణి స్పృహ కోల్పోలేదు. మరుసటి ఏడాది లండన్ బ్రాడ్ స్ట్రీట్ బోరింగు నీటి ద్వారా కలరా వ్యాపిస్తోందని రుజువు చేసినదీ ఆయనే.

1858 జూన్‌లో, క్లోరోఫామ్ గురించి తన గ్రంథాన్ని ముగిస్తుండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. జూన్ 16న, 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆయనను కాపాడే దారి ఆనాటి వైద్యానికి లేదు.

నేడు రక్తపు గడ్డ మెదడులోని పెద్ద నాళాన్ని మూసేస్తే, తొడ లేదా మణికట్టు నాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగుతున్నారు. అక్కడ మళ్లీ స్నో ప్రశ్నే ఎదురవుతుంది: రోగిని పూర్తిగా నిద్రపుచ్చాలా, లేక తేలిక మత్తు చాలా? పూర్తి మత్తులో రోగి కదలడు, శ్వాసకు రక్షణ ఉంటుంది. కాని సమయం పడుతుంది, రక్తపోటు పడిపోవచ్చు. తేలిక మత్తులో పని త్వరగా మొదలవుతుంది, మాటా చేతి కదలికా గమనించవచ్చు. కాని రోగి కదిలితే నాళానికి ప్రమాదం. పూర్తి మత్తు హానికరమని ఒకప్పుడు భయపడ్డారు. రక్తపోటును జాగ్రత్తగా కాపాడితే అది తేలిక మత్తుకు తీసిపోదని ఇటీవలి పరిశోధనల్లో తేలింది. వాంతులవుతున్నవారికి, స్పృహ తగ్గినవారికి పూర్తి మత్తే మేలు కావచ్చు. రోగిని చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

ప్రియులారా, ఇంట్లో ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా మత్తుకు భయపడి ఆలస్యం చేయకండి. ప్రార్థిస్తూనే ఆసుపత్రికి బయలుదేరండి. అక్కడ మత్తు ఇచ్చే వైద్యునికి రోగి వేసుకుంటున్న మందులు, చివరిసారి భోంచేసిన సమయం, మామూలుగా ఉండే రక్తపోటు ఎంతో చెప్పండి. సరైన కొలత తేల్చడానికి అవి ఆయనకు అవసరం.